పగలు ప్రోగ్రామరు, రాత్రి క్లయింటు

ఈ టపా చదివి కొందరు మిత్రులకి కోపం రావచ్చు. వస్తే రానివ్వండి, చాలా రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఇది. మన సాఫ్ట్‌వేరు జనాల్లో గేములు ఆడేవాళ్ళు తక్కువేం కాదు. పగలంతా ఆఫీసులో క్లయింటుని ఆడిపోసుకుంటారు. వాడికేం కావాలో వాడికే తెలీదనీ, అడిగింది చేసిస్తే ఇంకోటి అడుగుతాడనీ, తేదీ మాత్రం ఒక్క రోజు కూడా కదపడనీ, పైగా "డబ్బులిచ్చాం కదా" అంటాడనీ. సరే, బాగానే ఉంది. ఇదే మనిషి రాత్రి ఇంటికొచ్చి, అన్నం తిని, కంప్యూటరు ముందు కూర్చుని ఒక గేము ఆడి, దాని మీద నాలుగు ముక్కలు రాస్తే అచ్చం ఆ క్లయింటు మాటలే రాస్తాడు. అవే మాటలు, అదే గొంతు. ఒక్కోసారి అవే స్పెల్లింగు తప్పులు కూడా :)

ఊరికే అనడం లేదు. టెల్‌టేల్ గేముల మీద మనవాళ్ళ అభిప్రాయాలు ఇన్నేళ్ళుగా వింటున్నాను, చదువుతున్నాను. మొత్తం పోగేస్తే మూడే మూడు ముక్కలు. ఒకటి, "మనం ఏం ఎంచుకున్నా కథ మారదు, మోసం". రెండు, "తర్వాతి ఎపిసోడ్ ఎప్పుడిచ్చి చస్తారు?" మూడు, "నేను డబ్బులు కట్టాను, నాకివ్వాల్సింది ఇవ్వాలి". వీటినే మన భాషలో స్కోపు, డెడ్‌లైను, కాంట్రాక్టు అంటాం. ఈ మూడింటి మధ్య నలిగే జీవితాలు మనవి. అవతల కూడా అలాగే నలిగేవాడు ఒకడుంటాడని మనకి కాకపోతే ఇంకెవరికి తట్టాలి?

తెలియనివాళ్ళ కోసం కాస్త పూర్వకథ. కాలిఫోర్నియాలో శాన్ రఫేల్ అనే ఊళ్ళో 2004లో టెల్‌టేల్ గేమ్స్ మొదలైంది. పెట్టినవాళ్ళు లూకాస్‌ఆర్ట్స్ నుంచి బయటికొచ్చినవాళ్ళు. ఆ లూకాస్‌ఆర్ట్స్ 'శామ్ అండ్ మ్యాక్స్' అని ఒక కుక్క, ఒక కుందేలు లాంటి జంతువు డిటెక్టివులుగా ఉండే ఆటని తయారుచేస్తూ చేస్తూ 2004 మార్చిలో సగంలో ఆపేసింది. వీళ్ళు ఆ జంటనే తెచ్చుకుని 2006 అక్టోబరు నుంచి 2007 ఏప్రిల్ దాకా ఆరు భాగాలుగా ఆట వదిలారు. ఆటని టీవీ సీరియల్‌లాగా, నెలకో భాగం చొప్పున, చెప్పిన టైముకి ఇవ్వడం సాధ్యమేనని గట్టిగా రుజువు చేసింది వీళ్ళే. అంతకుముందు, ఆ తర్వాత చాలామంది ప్రయత్నించి చేతులెత్తేశారు. 'హాఫ్ లైఫ్ 2' వాళ్ళు 2006లో ఎపిసోడ్ ఒకటి, 2007లో ఎపిసోడ్ రెండు ఇచ్చి మూడోదాన్ని గాల్లో వదిలేసిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

టెల్‌టేల్ వాళ్ళకి అసలు పేరు తెచ్చింది 2012లో వచ్చిన 'ది వాకింగ్ డెడ్'. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఐదు భాగాలు. శవాలు లేచి తిరిగే లోకంలో లీ అనే మనిషి, క్లెమెంటైన్ అనే చిన్నపిల్లని వెంటేసుకుని బతుకుతుంటాడు. కాల్చుకుంటూ పోయే ఆట కాదు. మాట్లాడాలి, వెతకాలి, చిన్నచిన్న చిక్కుముడులు విప్పాలి. మధ్యమధ్యలో కొన్ని క్షణాల్లో నిర్ణయం తీసుకోవాలి. ఇద్దరు ఆపదలో ఉంటే ఎవర్ని కాపాడతావు, అబద్ధం చెప్తావా, నిజం చెప్తావా, ఇలాంటివి. నువ్వన్న మాటని ఆ పిల్ల గుర్తుపెట్టుకుంటుందని తెర మూలన ఒక ముక్క పడుతుంది. అది చూసి గుండె జారిపోయిన మగాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నేను దాన్ని ఆడింది 2013 సంక్రాంతికి రాజాం వెళ్ళినప్పుడు. చీపురుపల్లి స్టేషన్లో దిగి బస్సు పట్టుకుని ఇంటికి చేరేసరికే మా బావ లాప్‌టాప్‌లో ఆట ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నాడు. కరెంటు కోతల రోజులవి. బ్యాటరీ ఉన్నంతసేపు ఆడటం, పోతే అరుగు మీద కూర్చుని ఇప్పుడేం చెయ్యాలా అని వాదించుకోవడం. వెనకాల మా అత్త అరిసెల పిండి పని చూసుకుంటూ, ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తెర వైపు చూసి "ఆ పిల్లని ఒగ్గేయకండ్రా, పాపం" అంది. వాకింగ్ డెడ్ మీద నేను విన్న అభిప్రాయాల్లో ఇంతకంటే సరైంది ఇంకోటి లేదు. ఆ ఆట అడిగే ప్రశ్న అదే, ఆమె ఇచ్చిన జవాబూ అదే.

సరే, అసలు గొడవకొద్దాం. "ఏం ఎంచుకున్నా కథ మారదు".

(ఆడనివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఒక్క పేరా దాటేయండి, కథ బయటపడిపోతుంది.) మొదటి ఎపిసోడ్‌లో కార్లీ అనే అమ్మాయి, డగ్ అనే అబ్బాయి ఇద్దరూ ఒకేసారి చావు అంచున ఉంటారు. ఒక్కర్నే కాపాడగలం. నువ్వెవర్ని కాపాడితే వాళ్ళు నీతో వస్తారు. తీరా మూడో ఎపిసోడ్‌కి వచ్చేసరికి, వచ్చింది ఎవరైనా సరే, పోతారు. చూశారా, చూశారా, రెండు కొమ్మలూ మళ్ళీ ఒకే కాండానికి వచ్చి కలిసిపోయాయి, మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారు అని గోల. 2015లో వచ్చిన 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' మీదా ఇదే గోల. ఐదు భాగాల పాటు వందరకాలుగా ఎంచుకున్నవన్నీ చివర్లో రెండు ముగింపుల్లో ఒకదాన్ని ఎంచుకోవడంతో సరిపోయాయని.

బాబూ, ఇంజనీరింగు చదివావు కదా, ఒక్క లెక్క వెయ్యి. ఐదు ఎపిసోడ్లు. ఎపిసోడ్‌కి నాలుగే నాలుగు నిర్ణయాలు అనుకుందాం, ఒక్కోదానికి రెండే దార్లు. మొత్తం ఇరవై నిర్ణయాలు. ప్రతి నిర్ణయానికీ కథ నిజంగా విడిపోతూ, మళ్ళీ కలవకుండా పోతే చివరికి ఎన్ని కథలు కావాలి? రెండుని ఇరవైసార్లు హెచ్చించు. 10,48,576. పది లక్షల పైచిలుకు కథలు. ఒక్కోదానికీ మాటలు రాయాలి, గొంతులు రికార్డు చెయ్యాలి, బొమ్మలు కదిలించాలి, టెస్టు చెయ్యాలి. మామూలు లాగిన్ పేజీకి నాలుగు బ్రౌజర్లలో టెస్టింగు అంటేనే మనం ఎస్టిమేటుని మూడింతలు చేసి పంపిస్తాం. అందుకని ఎవడైనా సరే కొమ్మల్ని విడదీసి, కాస్త దూరం పోనిచ్చి, మళ్ళీ కలపాల్సిందే. ఇది మోసం కాదు, డిజైను. మనం రోజూ చేసే పనే.

ఇంకో మాట. మన తెలుగువాళ్ళకైతే ఇది వింతగా తోచడానికి ఆస్కారమే లేదు. చందమామలో బేతాళ కథలు చదవకుండా పెరిగినవాళ్ళు మా తరంలో ఎంతమంది? కొన్ని దశాబ్దాల పాటు నెలనెలా వచ్చాయవి. నెలకో కథ, కథ చివర ఒక చిక్కు ప్రశ్న, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరింపు. భాగాలుగా వచ్చే పజిల్ సాహసం అంటే అదే కదండీ! విక్రమార్కుడు ఎంత గొప్ప జవాబు చెప్పినా ఏమయ్యేది? మౌనభంగం అయ్యేది, శవం వెళ్ళి మళ్ళీ చెట్టెక్కేది. ప్రతి నెలా అంతే. పన్నెండు నెలలు చదివితే పన్నెండుసార్లూ చెట్టే. విక్రమార్కుడి జవాబు వల్ల కథ మారడం లేదు, నా చందా వెనక్కివ్వండి అని ఎవరైనా ఉత్తరం రాశారా? రాయలేదు. ఎందుకంటే పాఠకుడికి తెలుసు, మజా శవం ఎక్కడికి పోయిందన్నదాంట్లో లేదు. రాజు చెప్పేలోపు నువ్వేం జవాబు అనుకున్నావు, ఎందుకనుకున్నావు అన్నదాంట్లో ఉంది. నెలంతా బళ్ళో దాని గురించే తగువులాడుకునేవాళ్ళం. టెల్‌టేల్ వాళ్ళు ఎపిసోడ్ చివర, ఎంతశాతం మంది నీలాగా ఎంచుకున్నారో చూపించేవారు. అది మా బడి తగువుకి అంకెలేసినట్టే.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. మీ ఎంపికల్ని బట్టి కథ మలుపు తిరుగుతుందని ఆట మొదట్లో రాసిపెట్టింది వాళ్ళే. ఆ మాట నమ్మి ఆడినవాడికి ఒళ్ళు మండటంలో తప్పులేదు. కానీ ఆ మాట రాయించింది ఎవరంటారు? మన దగ్గర ప్రీ-సేల్స్ వాడు క్లయింటు ముందు నిలబడి "ఓ, అది చాలా ఈజీ, ప్లాట్‌ఫారంలోనే ఉంది" అని ఒప్పేసుకుని వస్తాడు చూడండి, అలాంటి పనే అది. వాడు చెప్పిన మాటకి తిట్లు తినేది రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని దాన్ని నిజం చెయ్యడానికి ప్రయత్నించినవాడు. ఆటని తిట్టేటప్పుడు ఈ ఇద్దరూ ఒకడే అనుకుని తిట్టకండి, అంతే నా మనవి.

పజిళ్ళ గురించి ఎక్కువ చెప్పను. వాకింగ్ డెడ్ మొదటి ఎపిసోడ్‌లో పనిచెయ్యని రేడియోలో బ్యాటరీలు వెయ్యడం ఒక చిక్కుముడి. దాన్ని వెక్కిరించనివాడు లేడు. వెక్కిరించండి, నేనూ మీతోనే ఉన్నాను. శామ్ అండ్ మ్యాక్స్ రోజుల పజిళ్ళు ఇష్టపడినవాళ్ళకి తర్వాతి ఆటలు చప్పగా అనిపించడం న్యాయమైన ఫిర్యాదే. అందులో క్లయింటు గొంతు లేదు, ఆటగాడి గొంతే ఉంది.

ఇప్పుడు రెండోది, "తర్వాతిది ఎప్పుడు?" ఇది అడగడంలో తప్పేముంది అంటారు. అడిగే తీరులో ఉంది. 'ది ఊల్ఫ్ అమాంగ్ అస్' మొదటి భాగం 2013 అక్టోబరులో వచ్చింది, రెండోది 2014 ఫిబ్రవరిలో. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఆడినవాళ్ళు పెట్టిన శాపనార్థాలు చదివితే, వీళ్ళకి జీతాలిస్తున్నది మనవాళ్ళేనేమో అనిపించేది. మా రాజాం వాళ్ళకి ఆలస్యం కొత్త కాదు లెండి. 1757లో బొబ్బిలి కోట తగలబడుతుంటే తాండ్ర పాపారాయుడు మా ఊళ్ళోనే ఉన్నాడు, కబురు వేళకి అందలేదు. అలాంటి ఊరివాణ్ణి, గేము ఎపిసోడ్ రెండు నెలలు లేటైందంటే నాకు పెద్దగా చలనం ఉండదు :)

పరాచికాలు పక్కన పెడితే, వేళకి ఎపిసోడ్ ఇవ్వడం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకాయన మనకున్నాడు. దాసరి సుబ్రహ్మణ్యం గారు. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం... చందమామలో ఆ జానపద సీరియల్స్ రాసింది ఆయన. 1952లో చందమామలో చేరి అర్ధశతాబ్దం పైగా అక్కడే పనిచేశారు. సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. మనలో చాలామందికి ఆ పేరు తెలిసింది పెద్దయ్యాక, ఈ శతాబ్దంలో అభిమానులు తవ్వి తీసి చెప్తే. నెలనెలా ఒక భాగం, ప్రతి భాగం చివరా ఒక ఉచ్చు, వచ్చే నెల దాన్ని విప్పి ఇంకో ఉచ్చు. ఎపిసోడిక్ డెలివరీ అంటే అదీ. కానీ చూడండి, అది ఒక మనిషి, ఒక కలం, చిత్రా గారి బొమ్మలు. ఒక భాగం రాయడం అయిపోతే అయిపోయినట్టే. దానికి బిల్డులు లేవు, మూడు రకాల కన్సోళ్ళు లేవు, పాత భాగంలో పాఠకుడు ఏం ఎంచుకున్నాడో గుర్తుపెట్టుకునే సేవ్ ఫైలు లేదు. ఆ సేవ్ ఫైలు పాడైపోవడం వాకింగ్ డెడ్‌లో ఎంత పెద్ద తలనొప్పో ఆడినవాళ్ళకి తెలుసు.

టెల్‌టేల్‌లో సంగతి వేరు. ఒక ఎపిసోడ్ ముగిసేలోపే ఇంకోటి తరుముకొస్తుంటుంది. మామూలు గేము కంపెనీలో విడుదలకి ముందు కొన్ని నెలలు ఒళ్ళు హూనం చేసుకుంటే ఆ తర్వాత కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ విడుదల ప్రతి కొన్ని వారాలకీ ఉంటుంది, పైగా ఒకేసారి రెండు మూడు ఆటలు నడుస్తుంటాయి. 2014 చివర్లో 'గేమ్ ఆఫ్ త్రోన్స్', 'టేల్స్ ఫ్రమ్ ద బోర్డర్‌లాండ్స్' రెండూ మొదలయ్యాయి, అవి పూర్తికాకుండానే 2015 అక్టోబరులో 'మైన్‌క్రాఫ్ట్ స్టోరీ మోడ్' మొదలైంది. అంటే క్రంచ్ ఎప్పటికీ అవ్వదు. 2018 మార్చిలో 'ద వెర్జ్' అనే పత్రికలో దీని మీద పెద్ద కథనం వచ్చింది. ఎడతెగని క్రంచ్, చివరి నిమిషంలో తిరగరాతలు, పైవాళ్ళ పెత్తనం, అన్నీ అందులో ఉన్నాయి. ఇంజినేమో ఏళ్ళనాటిది, మార్చడానికి తీరిక లేదు. ఎందుకు లేదు? వచ్చే ఎపిసోడ్‌కి తేదీ ఇచ్చేశారు కాబట్టి. ఈ వాక్యం మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు విన్నాం? "ఈ రిలీజ్ అయిపోనీ, తర్వాత రీఫాక్టర్ చేద్దాం". ఆ తర్వాత ఎప్పుడూ రాదు. పాత ఇంజిను, బొమ్మలు తడబడుతున్నాయి, మార్చుకోరేం అని రాసిన మనవాడే, అదే టపాలో కింద పేరాలో, ఎపిసోడ్ లేటైందని రాస్తాడు. రెండూ ఒకే మనిషి, ఒకే రోజు రాసినవి. ఏమనాలి?

మూడోది అసలైన పుండు.

2018 ఆగస్టు 14న వాకింగ్ డెడ్ ఆఖరి సీజన్ మొదటి భాగం వచ్చింది. నాలుగు భాగాలకీ కలిపి ఇరవై డాలర్లు ముందే కట్టించుకున్నారు, సీజన్ పాస్ అని. సెప్టెంబరు 21, శుక్రవారం నాడు కంపెనీ సుమారు 250 మందిని ఒక్క దెబ్బతో తీసేసింది. పాతికమందిని మాత్రం ఉంచింది. అంతకు పది నెలల ముందే, 2017 నవంబరులో, తొంభై మందిని, అంటే నాలుగో వంతుని పంపించేసి ఉన్నారు. ఈసారి పోయినవాళ్ళకి చేతిలో పైసా పెట్టలేదు. ఆరోగ్య బీమా ఆ నెలాఖరు వరకే. అంటే తొమ్మిది రోజులు. అమెరికాలో బీమా లేకపోవడం అంటే ఏమిటో అక్కడ హెచ్1 మీద బతికిన మనవాళ్ళకి వివరించక్కర్లేదు. పెద్దయెత్తున తీసేసేటప్పుడు అరవై రోజుల ముందు నోటీసివ్వాలన్న చట్టం ఉంది కదా అని వెంటనే కోర్టులో దావా కూడా పడింది.

ఆ శుక్రవారం అయ్యాక మంగళవారం, 25న, రెండో ఎపిసోడ్ విడుదలైంది. దాన్ని తయారుచేసినవాళ్ళలో చాలామంది ఆ రోజు ఉద్యోగం వెతుక్కుంటున్నారు.

ఆ వారంలో ఎక్కువగా వినబడిన ప్రశ్న ఏమిటో తెలుసా? "మూడు, నాలుగు ఎపిసోడ్ల సంగతేమిటి?" కంపెనీ కూడా ఆ ప్రశ్నకే ముందు జవాబిచ్చింది. మిగతా రెండూ పూర్తి చెయ్యడానికి భాగస్వాములు ముందుకొస్తున్నారనీ, ఏదో ఒకటి చూస్తున్నామనీ ప్రకటించింది. ఎపిసోడ్లు పూర్తి చెయ్యడానికి డబ్బు దొరికితే అది ముందు మాకివ్వండి అని ఉద్యోగం పోయినవాళ్ళు మొత్తుకుంటే, వాళ్ళని స్వార్థపరులన్నారు. క్లెమెంటైన్ కథ ముగింపు కంటే మీ జీతం ఎక్కువా అని! అందరూ అలా అన్నారనను. వేరే స్టూడియోలవాళ్ళు మా దగ్గరికి రండి, ఉద్యోగాలున్నాయి అని పిలిచారు, ఆడినవాళ్ళలోనూ చాలామంది నిలబడ్డారు. నా బాధ వాళ్ళతో కాదు, మనవాళ్ళతో.

మా బావతో ఫోన్లో గట్టిగానే అయింది ఆ వారం. ఆయన పద్నాలుగేళ్ళ నుంచి ఇదే ఫీల్డులో ఉన్నాడు, టీంలీడు. మామూలుగా పుస్తకాల తెలుగే మాట్లాడతాడు, కోపమొస్తే మాత్రం ఊళ్ళోకి జారిపోతాడు.

"ఒరే, నాను నాలుగింటికి డబ్బులు కట్టేన్రా. రెండే ఇచ్చి సేతులు దులుపుకుంటే ఎలాగ?"

"ఎవరు దులుపుకున్నారు బావా? చేసినోళ్ళా, చేయించినోళ్ళా?"

"ఎవులైతే నాకేటి? నా ఎపిసోడ్లు నాకు గావాల."

ఈ "ఎవులైతే నాకేటి" ఉంది చూశారా, దాని మీదే ఈ టపా అంతా. ఈ మాట ఆయనతో ఎన్నోసార్లు ఎందరో అన్నారు. ఒక కంపెనీలో (పేరు అనవసరం) ఆయన టీంలో సగం మందిని ఒక సాయంత్రం బెంచి మీదకి పంపి, మర్నాడు పొద్దున్న కాల్‌లో క్లయింటు "ఇందువల్ల శుక్రవారం రిలీజ్‌కి ఇబ్బంది లేదుగా?" అని మాత్రమే అడిగాడట. ఆ సంగతి చెప్పి రాత్రంతా తిట్టింది ఈ బావే. 2009 జనవరి 7న సత్యం కుప్పకూలిన రోజు గుర్తులేనివాళ్ళు హైదరాబాదు ఐటీలో ఎవరున్నారు? యాభైవేల మంది పైగా ఉద్యోగులు, ఇంటి లోన్లు, కుదిరిన పెళ్ళిళ్ళు ఆగిపోయినవాళ్ళు. ఆ ఏప్రిల్లో టెక్ మహీంద్రా తీసుకునేదాకా రోజూ ఒక గండమే. ఆ రోజుల్లో, మా ప్రాజెక్టు సంగతేమిటి అని ముందు అడిగిన క్లయింటు మీద మనకెంత మండిందో, శాన్ రఫేల్‌లో ఉన్నవాళ్ళకి మన మీద అంతే మండి ఉంటుంది.

"అయితే డబ్బు కట్టినవాడు నోరు మూసుకుని కూర్చోవాలా?" అని మీలో ఒకరు అడుగుతారు. అక్కర్లేదు. అరవండి. కానీ ఎవరి మీద అరవాలో చూసుకోండి. ఇంకా తయారుకాని నాలుగు భాగాలకి ముందే మొత్తం డబ్బు కట్టించుకున్నవాడి మీద అరవండి. ఇక్కడే అసలు కిటుకుంది. చందమామ కొన్నప్పుడు మనం ఆ నెల పుస్తకానికే డబ్బులిచ్చాం. బాగులేకపోతే వచ్చే నెల మానేస్తాం. ఏడాది చందా కట్టేవాళ్ళం కదా అనకండి. చందా పుస్తకం మొత్తానికి, అందులో ఒక సీరియల్ ఆగిపోయినా మిగతా కథలు చేతికొచ్చేవి. సీజన్ పాస్ అలా కాదు. రాయని కథకి, గీయని బొమ్మకి, ఇంకా జీతం అందని పనికి ముందే వసూలు చేసి, ఆ డబ్బుతో ఇవాళ్టి ఖర్చులు గడుపుకోవడం. అంటే రేపటి ఎపిసోడ్ ఇవాళే తినేసినట్టు. వచ్చే ఏడాది పంట మీద ఇప్పుడే అప్పు తెచ్చి ఈ ఏడాది పెళ్ళి చేసినవాడికి ఏమవుతుందో మా వైపు ఏ రైతునడిగినా చెప్తాడు. వాకింగ్ డెడ్ తర్వాత టెల్‌టేల్‌కి అంత గట్టిగా ఆడిన ఆట మళ్ళీ రాలేదు. అయినా పెద్దపెద్ద సినిమా పేర్లకి లైసెన్సులు కొంటూ, మనుషుల్ని పెంచుకుంటూ పోయారు. ఆ నిర్ణయాలేవీ బొమ్మకి మాట కలిపే కుర్రాడు తీసుకోలేదు.

తర్వాత ఏమైందంటే, 2018 అక్టోబరులో వాకింగ్ డెడ్ రచయిత రాబర్ట్ కిర్క్‌మన్ తాలూకు స్కైబౌండ్ సంస్థ ఆ ఆటని తీసుకుంది. పాత టీంలోనే కొందర్ని పిలిచి పూర్తి చేయించింది. మూడో భాగం 2019 జనవరి 15న, నాలుగోది మార్చి 26న వచ్చాయి. మా బావకి ఆయన ఎపిసోడ్లు ఆయనకొచ్చాయి. ఆడి, ఏమన్నాడనుకున్నారు? చివరి భాగం కొంచెం హడావిడిగా ముగించినట్టుందట! ఉద్యోగం ఊడి, మళ్ళీ తాత్కాలికంగా పిలిస్తే వచ్చి, ఆ కొద్ది నెలల్లో ఒక పిల్ల కథని ఏడేళ్ళ తర్వాత గట్టుకి చేర్చినవాళ్ళ గురించి ఆ మాట అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

దీనికి పూర్తిగా ఇంకో కొసన ఉన్న ఆట ఒకటుంది, 'కెంటకీ రూట్ జీరో'. అప్పులూ, మూతపడ్డ గనులూ, ఊళ్ళు వదిలి పోయిన జనం గురించిన కథ. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలస పోయే జనాన్ని చూసి పెరిగిన నాబోటివాడికి అమెరికా కథలా అనిపించదు. ముగ్గురు మనుషులు చేశారు. ఐదు అంకాలు. మొదటిది 2013 జనవరిలో, ఐదోది 2020 జనవరిలో. మొదటి రెండిటికీ మధ్య దాదాపు ఐదు నెలలు, చివరి రెండిటికీ మధ్య మూడున్నరేళ్ళు. దాన్ని చేసినవాళ్ళనీ జనం తిట్టారు, చచ్చిపోయిన ప్రాజెక్టన్నారు. వాళ్ళు ఉలకలేదు పలకలేదు, మధ్యలో చిన్నచిన్న పక్కకథలు ఊరికే పంచిపెట్టారు, అయినప్పుడే ఇచ్చారు. ఇప్పుడు మొత్తం కలిపి ఆడేవాడికి ఆ ఏడేళ్ళు కనబడవు. ఆట కనబడుతుంది. ముందే డబ్బు కట్టినవాళ్ళకి కష్టంగానే ఉండి ఉంటుంది, కాదనను. కానీ ముగ్గురే కాబట్టి ఆగగలిగారు. 250 మంది జీతాల నెత్తిన కూర్చుని ఆగడం కుదరదు.

మిగతావాళ్ళు పాఠం వేరేగా నేర్చుకున్నారు. లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ రెండో ఆట 2018 సెప్టెంబరు నుంచి 2019 డిసెంబరు దాకా ఐదు భాగాలుగా సాగి సాగి వచ్చింది. భాగానికీ భాగానికీ మధ్య జనం కథే మర్చిపోయారు. 2021లో వచ్చిన 'ట్రూ కలర్స్'ని అన్ని అధ్యాయాలూ కలిపి ఒకేసారి ఇచ్చేశారు. అయిపోయింది, సీరియల్ కాస్తా నవలైంది. నా మట్టుకు నాకు అందులో ఏదో పోయినట్టే ఉంటుంది. వారం రోజులు అరుగు మీద వాదించుకునే వీలు పోయింది. రాత్రికి రాత్రే ముగింపు చూసేసినవాడితో ఏం వాదిస్తాం?

2025లో 'డిస్పాచ్' అని ఒకటి వచ్చింది. టెల్‌టేల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళు కొందరు 2018లో యాడ్‌హాక్ అని చిన్న స్టూడియో పెట్టుకున్నారు, వాళ్ళదీ ఆట. అక్టోబరు 22న మొదలుపెట్టి వారానికి రెండేసి చొప్పున నవంబరు 12కల్లా ఎనిమిది భాగాలూ ఇచ్చేశారు. ఏళ్ళ తరబడి కూర్చుని వండి, నాలుగు వారాల్లో వడ్డించారు. మధ్యలో ఆ బుధవారాలు ఎదురుచూడటం, ఈ వారం ఏం ఎంచుకున్నావు అని అడగడం, అన్నీ తిరిగొచ్చాయి. కింద ఎవడి ఒళ్ళూ హూనం కాకుండా సీరియల్ నడపొచ్చని అనిపించింది నాకు. నాలుగు వారాల్లో ఎనిమిది భాగాలు రావాలంటే అవి ఎప్పటికి తయారై ఉండాలో మన జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

దాని మీద మనవాళ్ళ అభిప్రాయాలు చదివాను. "ఏం ఎంచుకున్నా కథ పెద్దగా మారదు" అని మొదటి వారంలోనే ఒకాయన రాశాడు. బయోడేటాలో చూస్తే సీనియర్ ఆర్కిటెక్టు. 10,48,576 అని ఒక్క అంకె రాసి కింద జవాబు పెట్టాను. ఇంకా ఏమీ అనలేదు.